12 లక్షలతో హైదరాబాద్‌లో మొదటి ప్రాపర్టీ, మిగతా డబ్బు ఎక్కడ్నుంచి?

మీరు అడిగింది ఇది కదా: జీతం 85 వేలు, చేతిలో 12 లక్షలు, ఉండటానికి కాదు ఇన్వెస్ట్‌మెంట్‌కే కొంటున్నా, తక్కువపడితే పర్సనల్ లోన్ తీసి డౌన్ పేమెంట్ కట్టేయొచ్చా అని. వద్దండి. వడ్డీ ఎక్కువనే కాదు, హోమ్ లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంకోడు మీ పాత ఈఎంఐలన్నీ లెక్కేస్తాడు, జీతంలో సగం దాకే ఈఎంఐలకి ఒప్పుకుంటాడు అనుకోండి, 4 లక్షల పర్సనల్ లోన్‌కి నెలకి 9 వేలు పోతే అసలు హోమ్ లోనే తగ్గిపోతుంది. ఒక చేత్తో తెచ్చి ఇంకో చేత్తో పోగొట్టుకున్నట్టే.

నేను కొన్నది నిజాంపేట వైపు పాత అపార్ట్‌మెంట్‌లో టూ బీహెచ్‌కే, రీసేల్. అప్పుడు నాకు బాగా అర్థమైంది ఏంటంటే, చౌక వడ్డీ డబ్బు మంచి కాగితాలున్న ప్రాపర్టీకే వస్తుంది, కాగితాలు బాలేనిదానికి మనం ఖరీదైన డబ్బు వెతుక్కోవాలి. అందుకే ఏ లోన్ అని కాకుండా, ఈ ప్రాపర్టీకి బ్యాంకు లోన్ ఇస్తుందా అని ముందు అడగండి, మీ దగ్గర ఫుల్ క్యాష్ ఉన్నా సరే అడగండి.

ఇప్పుడు లెక్క. ఆర్‌బీఐ రూల్ ప్రకారం 30 లక్షల లోపు లోన్ అయితే విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చు, 30 నుంచి 75 లక్షలకి 80 శాతం, ఆపైన 75. రిజిస్ట్రేషన్ ఖర్చు మామూలుగా ఇందులో కలవదు, అది మన జేబులోంచే, తెలంగాణలో అన్నీ కలిపి 7.5 శాతం. అంటే 55 లక్షల ఫ్లాట్‌కి 11 లక్షలు డౌన్ పేమెంట్, పైన 4 లక్షల చిల్లర రిజిస్ట్రేషన్, అండర్ కన్‌స్ట్రక్షన్ అయితే 5 శాతం జీఎస్టీ కూడా. మీ 12 ఎక్కడా ఆనదు. అదే 40 లక్షల రీసేల్ అయితే 8 ప్లస్ 3, బ్రోకర్‌కి, ప్రాసెసింగ్ ఫీజుకి మిగతాది, టైట్‌గా సరిపోతుంది. 32 లక్షల లోన్‌కి 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు వేసుకుంటే ఈఎంఐ దాదాపు 28 వేలు.

కానీ ఇక్కడ మన హైదరాబాద్ మార్కు మెలిక ఒకటుంది. ఓనర్ 40 చెప్తాడు, డాక్యుమెంట్‌లో 28 రాద్దాం, మిగతా 12 క్యాష్ ఇవ్వండి, మీకూ రిజిస్ట్రేషన్ కలిసొస్తుంది అంటాడు. వినడానికి బానే ఉంటుంది. బ్యాంకు 28 మీదే లోన్ ఇస్తుంది, 90 శాతం ఇచ్చినా 25 లక్షల చిల్లర, అంటే మీరు తేవాల్సింది దాదాపు 15, రిజిస్ట్రేషన్ కాకుండానే! పైగా 20 వేలు, ఆపైన క్యాష్ తీసుకుంటే ఇన్‌కమ్ టాక్స్ వాళ్లు తీసుకున్నాయనకి అంతే మొత్తం పెనాల్టీ వేయొచ్చు, రేపు మీరు అమ్మేటప్పుడు కొన్న ధర తక్కువ కనపడి టాక్స్ మీకు పెరుగుతుంది. నేను ఇలాంటివి రెండు మూడు వదిలేసి ఫుల్ వైట్‌కి, అంటే అసలు రేటంతా డాక్యుమెంట్‌లో రాయడానికి ఒప్పుకున్న ఆయన దగ్గరే కొన్నా, రేటు కొంచెం ఎక్కువైనా.

తక్కువపడిన డబ్బుకి నేను వాడింది చీటీ. 10 లక్షలది, 50 నెలలు, నెలకి 20 వేలు, పాటలో మిగిలి అందరికీ పంచే డివిడెండ్ పోను కట్టేది అంతకన్నా తక్కువే. మధ్యలో పాట పాడి ఎత్తుకున్నా, మొదట్లోనే ఎత్తితే పాటలో బాగా పోతుంది కాబట్టి ఇల్లు కొనాలనుకునేవాళ్లు కొన్నాళ్ల ముందే చేరి ఉండాలి. ష్యూరిటీల దగ్గర మాత్రం చుక్కలు కనపడతాయి, గవర్నమెంట్ జాబ్ ఉన్న బాబాయినో పెదనాన్ననో బతిమాలుకోవాలి. చేరేదేదో 1982 చట్టం కింద రిజిస్టరైన చీటీలోనే చేరండి, గల్లీలో ఆంటీ నడిపేదాంట్లో కాదు.

ప్లాట్ గురించి కూడా అడిగారు. హెచ్‌ఎండీఏ లేదా డీటీసీపీ (లేఅవుట్లకి అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థలు) అప్రూవ్డ్ లేఅవుట్ అయితే ప్లాట్ లోన్ వస్తుంది, కానీ చాలాసార్లు ఫలానా గడువులో ఇల్లు కట్టాలనే కండిషన్ ఉంటుంది, అది చదవకుండా సంతకం పెట్టొద్దు. ఫామ్ ప్లాట్ అని గుంటల లెక్కన అమ్మేవాటికి హోమ్ లోన్ రాదు, అందుకే వాళ్లే ఈఎంఐ పెడతామంటారు. ఇంక ప్రీలాంచ్, అంటే అనుమతులు రాకముందే అమ్మేవి... మా బావమరిది కొల్లూరు వైపు ఒకదాంట్లో మొత్తం ముందే కట్టాడు, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ లేదు, ఏ బ్యాంకూ ముందుకి రాలేదు, బంగారం పెట్టి తెచ్చాడు, ఇప్పటికీ అక్కడ పునాది లేదు. రెరా చట్టం ప్రకారం అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా బిల్డర్ 10 శాతానికి మించి తీసుకోకూడదు, ఈ ఒక్క ముక్క గుర్తుంటే చాలామంది బయటపడతారు.

ఇంకో చేదు మాట. మీ 40 లక్షల ఫ్లాట్‌కి అద్దె 12, 13 వేలు వస్తే గొప్ప, మిగతా 15 వేలు నెలనెలా మీరే వేసుకోవాలి, ఖాళీగా ఉన్న నెలల్లో మెయింటెనెన్స్ కూడా. కొత్త టాక్స్ రెజీమ్‌లో వడ్డీ మినహాయింపు అద్దె వరకే, నష్టం జీతంలోంచి తగ్గించుకోలేరు. ఇది మోయలేననిపిస్తే రీట్స్ (అద్దెకిచ్చే పెద్ద బిల్డింగుల్లో షేర్లలా కొనే వాటాలు) చూడండి, మాదాపూర్ మైండ్‌స్పేస్ బిల్డింగులున్న రీట్ యూనిట్లు డీమ్యాట్‌లో ఒక్కటైనా కొనొచ్చు, అప్పు అక్కర్లేదు. మా ఆవిడకి అవే నచ్చాయి, నాకు మాత్రం తాళంచెవి చేతిలో ఉంటేనే తృప్తి.

కొనడమే ఖాయమైతే ముందు సిబిల్ స్కోరు (అప్పులు ఎలా కట్టామో చెప్పే మార్కులు) చూసుకుని లోన్ ఎంత వస్తుందో బ్యాంకులో రాయించుకోండి, తర్వాతే ఇళ్లు చూడండి. నచ్చాక లింక్ డాక్యుమెంట్లు (ఇంతకుముందు చేతులు మారినప్పటి పాత దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపించే సర్టిఫికెట్) తీసుకెళ్లి బ్యాంకు లాయర్‌కి చూపించండి, అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు మాత్రం లీగల్‌లో లోన్ రిజెక్ట్ అయితే అడ్వాన్స్ మొత్తం వాపసు అని అగ్రిమెంట్‌లో రాయించుకోండి. ఆ లైన్ రాయడానికి ఒప్పుకోని ఓనర్‌తో ఇంక బేరం పెట్టుకోకండి.