హెవీ లైసెన్సుకు ఎంతవుతుంది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా తమ్ముడికి ఇరవై మూడేళ్లు. కారు లైసెన్సు వచ్చి రెండేళ్లయింది. ఇప్పుడు లారీ నేర్చుకుంటానంటున్నాడు. ఒక స్కూలు వాళ్లు లైసెన్సు చేతికిచ్చేదాకా అన్నీ కలిపి 7,500 అన్నారు. ఇంకో స్కూల్లో ఆఫీసు ఖర్చులు కాకుండా శిక్షణకే 16,000 అడుగుతున్నారు. ఇంత తేడా ఎందుకండీ? ఎక్కడ చేర్చమంటారు?
– పట్టాభిపురం, గుంటూరు

జవాబు: ముందు ప్రభుత్వానికి కట్టేది విడదీసి చూడండమ్మా. ఎల్‌ఎల్‌ఆర్‌కు 150, దాని పరీక్షకు 50, డ్రైవింగ్ టెస్టుకు 300, ఉన్న లైసెన్సులో కొత్త తరగతి చేర్చడానికి 500. వెరసి వెయ్యి రూపాయలు. కార్డు, సేవా రుసుములు, ఫారం 1ఏ (ఆరోగ్య ధ్రువపత్రం) మీద సంతకం చేసే డాక్టరు ఫీజు దీనికి అదనం. ఏ స్కూల్లో చేరినా ఇందులో మార్పుండదు.

మొదటి స్కూలు చెప్పిన 7,500లో ఈ వెయ్యి తీసేస్తే 6,500 మిగులుతుంది. ట్రాన్స్‌పోర్టు వాహనానికి స్కూలు ఇచ్చే శిక్షణ 30 రోజులకు తగ్గకూడదు, అందులో స్టీరింగు పట్టి నడిపిన సమయం 15 గంటలకు తగ్గకూడదు అని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. గంటకు 15 కిలోమీటర్ల చొప్పున వేసుకున్నా 225 కిలోమీటర్లు. నేర్చుకునేవాడి చేతిలో బండి ఎక్కువసేపు చిన్న గేర్లలోనే ఉంటుంది కాబట్టి లీటరుకు మూడున్నర మించి రాదనుకుందాం. 64 లీటర్ల డీజిలు. లీటరు 97 రూపాయల లెక్కన 6,200 పైచిలుకు. మిగిలిన మూడొందల్లో నేర్పేవాడి జీతం, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, టైర్లు, క్లచ్ ప్లేటు రావాలి. రావు. అంటే ఆ ధరకు 15 గంటలు నడపనివ్వరన్నమాట. మామూలుగా జరిగేదేమిటంటే, బండిలో నలుగురిని ఎక్కించుకుని గంటసేపు తిప్పి, నలుగురికీ తలా ఒక గంట రాసేస్తారు. నిజానికి ఒక్కొక్కరికి వచ్చింది పావుగంటే.

అలాగని 16,000 అడిగినవాళ్లు నిజాయితీపరులని అనుకోనక్కర్లేదు. ఇద్దరినీ ఒకే మాట అడగండి: మా వాడు ఒక్కడే స్టీరింగు మీద ఎన్ని గంటలు ఉంటాడు? నిజంగా పదిహేను గంటలిస్తే 16,000 అంటే గంటకు 1,070 దాకా పడుతుంది. ఆ చవక స్కూల్లో మూడు గంటలే దక్కితే అక్కడ గంటకు 2,100 దాటుతుంది.

చేరేముందు చూడాల్సినవి ఉన్నాయి. స్కూలు లైసెన్సు (ఫారం 11) గోడకు కనబడాలి. చేరినవాళ్ల వివరాల రిజిస్టరు ఫారం 14, ఎవరు ఎన్ని గంటలు నడిపారో రాసేది ఫారం 15. ఈ రెండోదాన్ని తీసి చూపించమనండి. తటపటాయిస్తే అక్కడికక్కడే లేచి వచ్చేయొచ్చు. చేరాక మీ తమ్ముడి గంటలు ఏరోజుకారోజు అందులో పడేలా చూసుకోండి. శిక్షణ బండికి నేర్పేవాడి వైపు కూడా పెడళ్లు ఉండాలి. నేర్పేవాడు పదో తరగతి పాసై, కనీసం ఐదేళ్ల డ్రైవింగ్ అనుభవం, మోటారు మెకానిక్ కోర్సు సర్టిఫికెట్ ఉన్నవాడై ఉండాలి.

ఇంకొకటి, ఫీజు కట్టాక కాదు, కట్టకముందే ఫారం 1ఏ చేయించండి. మంచి వెలుతురులో 25 మీటర్ల దూరంలోని నంబరు ప్లేటు చదవగలగాలి, కళ్లజోడుతో చదివినా సరే. రేచీకటి, వినికిడి కూడా చూస్తారు. రంగులు పోల్చుకోవడంలో కొద్దిపాటి నుంచి మధ్యస్థ లోపం వరకు 2020 నుంచి అనుమతి ఉంది. తీవ్రమైన లోపం ఉంటే మాత్రం లైసెన్సు రాదు. అడ్వాన్సు కట్టాక ఇది బయటపడితే తిరిగిచ్చే స్కూళ్లు తక్కువ.

ఆర్టీసీ కూడా కొన్నిచోట్ల హెవీ శిక్షణ ఇస్తోంది. బ్యాచ్ ఎప్పుడో దగ్గరి డిపోలో కనుక్కోండి. బస్సు స్టీరింగు మీద నేర్చుకున్నవాడికి లారీ కష్టం కాదు.

ప్రశ్న: నాకు 19 ఏళ్లు. కారు లైసెన్సు వచ్చి ఆరు నెలలైంది. ఇప్పుడే హెవీకి డబ్బు కట్టేస్తే ఫీజు తగ్గిస్తామంటున్నారు.
– మంగళగిరి

జవాబు: కట్టకండి. ట్రాన్స్‌పోర్టు వాహనం నడపడానికి 20 ఏళ్లు నిండాలి, కారు లైసెన్సుకు ఏడాది పూర్తవ్వాలి. అప్పటిదాకా హెవీ ఎల్‌ఎల్‌ఆర్ రాదు, ఎల్‌ఎల్‌ఆర్ లేనిదే శిక్షణ మొదలుపెట్టకూడదు. ఎనిమిదో తరగతి సర్టిఫికెట్ కావాలని ఎవరైనా అంటే, ఆ నిబంధనను 2019లోనే ఎత్తేశారు. ఇరవై నిండాక, హెవీ చేతికొచ్చేలోగా చిన్న ట్రాలీ నడుపుతూ సంపాదించుకోవచ్చు. లోడుతో కలిపి మొత్తం బరువు 7,500 కిలోలు మించని రవాణా బండికి కారు లైసెన్సు చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఖరారు చేసింది.

ప్రశ్న: మా అబ్బాయికి హెవీ టెస్టు రెండుసార్లు పోయింది. ఒకసారి రివర్సులో పోలుకు తగిలిందట. రెండోసారి ఎత్తు మీద బండి వెనక్కి జారిందట. ఏజెంటేమో ఈసారి నాలుగు వేలిస్తే తను చూసుకుంటానంటున్నాడు.
– ఇబ్రహీంపట్నం

జవాబు: మళ్లీ టెస్టుకు ఫీజు 300. ఆ నాలుగు వేలతో ఏదైనా మంచి స్కూల్లో ఇంకో మూడు నాలుగు గంటలు స్టీరింగు కొనుక్కోవచ్చు. టెస్టు పోయాక వారం ఆగి మళ్లీ వెళ్లొచ్చు. మూడోసారీ పోతే మాత్రం 60 రోజులు ఆగాలి. ఎల్‌ఎల్‌ఆర్ గడువు ఆరు నెలలే కాబట్టి ఆ అరవై రోజుల్లో అది కాస్తా అయిపోతే ఖర్చు మళ్లీ మొదటికొస్తుంది. అందుకే తొందరపడి స్లాటు తీసుకోవద్దు.

ఎత్తు మీద జారడానికి అసలు కారణం చాలాసార్లు ఎత్తు ఎక్కకముందే మొదలవుతుంది. వరుసలో నిలబడి, ఇంజను ఐడిల్‌లోనే ఉంచి, అంగుళమంగుళం జరుగుతూ పదేపదే బ్రేకు నొక్కుతారు. బ్రేకులకు గాలినిచ్చే ట్యాంకుల్లో గాలి పడిపోతుంది. లారీ పార్కింగ్ బ్రేకును పట్టి ఉంచేది స్ప్రింగు, దాన్ని వదిలించేది గాలి. గాలి తక్కువైతే నాబ్ నెట్టినా బ్రేకు పూర్తిగా వదలదు. కుర్రాడు కంగారుపడి యాక్సిలరేటర్ తొక్కుతాడు, క్లచ్ కాలిన వాసన వస్తుంది, లేదా ఇంజను ఆగిపోతుంది. ఆ తత్తరపాటులో ఏదో ఒక పెడలు వదిలేస్తాడు. తన వంతు రాగానే న్యూట్రల్‌లో కొంచెం రేజ్ చేసి, గాలి గేజీ ముల్లు బాగా పైకి లేచి, గాలి తక్కువని మోగే బజ్జరు ఆగిందని చూసుకుని కదలాలి.

ఎత్తు మీద ఆపాక కాలి బ్రేకును నమ్ముకోకూడదు. అక్కణ్ణించి కాలు యాక్సిలరేటర్ మీదికి వెళ్లేలోపే బండి జారుతుంది. పార్కింగ్ బ్రేకు వేసి, మొదటి గేరులో క్లచ్‌ని మెల్లగా పైకి తేవాలి. ఇంజను శబ్దం బరువెక్కుతుంది, క్యాబిన్ కొద్దిగా వణుకుతుంది. క్లచ్‌ని అక్కడే నిలిపి, కొంచెం రేజ్ ఇచ్చి, అప్పుడు నాబ్ వదలాలి. బండి ముందుకే వెళ్తుంది.

ఇక రివర్సు. కుర్రాళ్లు తోకనే చూస్తూ ముందు మూలను మర్చిపోతారు. వెనక్కి వెళ్తూ స్టీరింగు కుడికి తిప్పితే తోక కుడికి పోతుంది, ముందు భాగం ఎడమకు ఊగుతుంది. పోలు ఎక్కువగా తగిలేది ఆ ముందు మూలకే. రెండు అద్దాలూ మార్చి మార్చి చూడాలి, అనుమానం వస్తే ఆగాలి.

బస్సు నడపబోయేవాళ్లకు దీనికి తోడు ఇంకొకటుంది. వెనక చక్రాల ఇరుసు దాటి బాడీ వీల్‌బేస్‌లో (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరంలో) 60 శాతం దాకా పొడుచుకు రావచ్చు. ఆరు మీటర్ల వీల్‌బేస్ అయితే 3.6 మీటర్ల తోక! స్టాపులోంచి స్టీరింగు ఒక్కసారిగా కుడికి కోస్తే ఆ తోక ఎడమకు విసురుగా వెళ్లి, అక్కడ నిలబడ్డవాళ్లకు తగులుతుంది. మంచి స్కూల్లో ఈ తోక గురించి మొదటి వారంలోనే చెబుతారు. ప్రయాణికుల బండికి బ్యాడ్జి కూడా విడిగా పెట్టుకోవాలి, మర్చిపోకండి.

ప్రశ్న: నాకు మూడు లారీలున్నాయి. మా క్లీనరుకు కారు లైసెన్సు ఉంది, మంచి పనివాడు. హెవీ ఖర్చు నేను పెట్టుకుంటాను కానీ, లైసెన్సు రాగానే వేరే బండెక్కేస్తాడేమోనని అనుమానం. రాత్రిపూట హైవే మీద మా డ్రైవరే నేర్పిస్తే సరిపోదా?
– ఆటోనగర్, విజయవాడ

జవాబు: సరిపోదండీ. శిక్షణ పూర్తయిందని స్కూలు ఇచ్చే సర్టిఫికెట్ (ఫారం 5) లేకుండా ట్రాన్స్‌పోర్టు లైసెన్సు ఇవ్వరు. ఎల్‌ఎల్‌ఆర్ కూడా లేకుండా లోడు బండి అతని చేతిలో పెడితే అతనికి 5,000 జరిమానా, ఇచ్చినందుకు మీకూ 5,000 లేదా మూడు నెలల జైలు దాకా ఉంది. అసలు దెబ్బ అది కాదు. ఆ సమయంలో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ బాధితులకు కట్టి, ఆ సొమ్ము మీ దగ్గర వసూలు చేసుకునే హక్కు కోర్టులో తెచ్చుకుంటుంది. లారీ అమ్మినా తీరని మొత్తం కావచ్చు.

ఖర్చును అడ్వాన్సుగా కాగితం మీద రాసుకోండి. రసీదులు జతచేసి, నెలకు ఎంత చొప్పున జీతంలో పట్టుకుంటారో, మధ్యలో మానేస్తే ఎంత బాకీ మిగులుతుందో రాయండి. వెళ్లిపోతే లక్ష కట్టాలి వంటి బాండ్లు పనికిరావు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం కోర్టు ఇప్పించేది న్యాయమైన పరిహారం వరకే. అతని ఒరిజినల్ లైసెన్సు మీ బీరువాలో పెట్టుకునే అలవాటు కొందరు ఓనర్లకు ఉంది. అది మానండి. ఉండాలనుకునేవాణ్ణి కట్టి ఉంచేది సమయానికి ఇచ్చే బత్తా.

ప్రశ్న: కొండపల్లి డిపోల నుంచి పెట్రోలు ట్యాంకరు తోలాలని ఉంది. హెవీ లైసెన్సు ఉంది. ఇంకేం కావాలి?
– గొల్లపూడి

జవాబు: ప్రమాదకర సరుకుల శిక్షణ, మూడు రోజులు. దాని సర్టిఫికెట్‌తో లైసెన్సు మీద ఎండార్స్‌మెంటు వేయించుకోవాలి. తెలుగుతో పాటు ఇంగ్లీషు చదవడం, రాయడం రావాలి. క్యాబిన్‌లో ఉంచే ట్రెమ్ కార్డు (ప్రమాదం జరిగితే ఏం చేయాలో రాసి ఉండేది), ట్యాంకరు మీది ప్రమాద సూచన పలక చదవలేనివాడు ఫైర్ సిబ్బందికి లోపల ఏముందో చెప్పలేడు కదా. మామూలు ట్రాన్స్‌పోర్టు లైసెన్సు ఐదేళ్లు చెల్లుతుంది. దీనికి మూడేళ్లే, రెన్యువల్‌కు ఒకరోజు రిఫ్రెషర్ చేయాలి. గడువు దాటాక 30 రోజులు నడుపుకోవచ్చనే పాత వెసులుబాటు 2019 సవరణతో పోయింది. రెన్యువల్‌కు ఏడాది ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. గడువు దాటి ఏడాది గడిస్తే మళ్లీ టెస్టుకు నిలబడాలి.

ప్రశ్న: యూరప్‌లో లారీ డ్రైవరు ఉద్యోగమని ఒకాయన మూడు లక్షలు అడుగుతున్నాడు. అక్కడి సర్టిఫికెట్ కూడా విజయవాడలోనే ఇప్పిస్తాడట. నమ్మొచ్చా?
– తాడేపల్లి

జవాబు: ఆ సర్టిఫికెట్ ఇక్కడ రాదు. యూరోపియన్ యూనియన్‌లో వృత్తిగా లారీ, బస్సు నడిపేవాళ్లకు లైసెన్సుతో పాటు వృత్తి అర్హత ఉండాలి. దాన్ని లైసెన్సు మీద 95 అనే కోడుతో గుర్తిస్తారు. త్వరిత కోర్సే 140 గంటలు, పూర్తి కోర్సు 280 గంటలు. ఆ తర్వాత ఐదేళ్లకోసారి 35 గంటలు చేస్తూ ఉండాలి. బయటి దేశస్థులు ఈ మొదటి అర్హతను తమ కంపెనీ ఉన్న దేశంలోగానీ, వర్క్ పర్మిట్ ఇచ్చిన దేశంలోగానీ పొందాలి. మన దగ్గర వెయ్యి రూపాయలకు వచ్చే అంతర్జాతీయ పర్మిట్ దీనికి బదులు కాదు.

కాబట్టి అడగాల్సింది ఇది: ఆ 140 గంటల కోర్సు ఫీజు, ఆ రోజుల్లో తిండి, బస ఎవరు పెట్టుకుంటారు? కోర్సు ఏ భాషలో? పాసయ్యేదాకా జీతం ఉంటుందా? ఉద్యోగ ఒప్పందంలో ఇవి రాసి ఉండాలి, నోటిమాట చాలదు. రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటు మీ దగ్గర తీసుకోదగ్గ సేవా రుసుము గరిష్ఠంగా 30,000, దానిపై జీఎస్టీ. విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఆయన రిజిస్ట్రేషన్ నంబరు వెతకండి. అక్కడ కనబడకపోతే పాస్‌పోర్టు ఆయన చేతికివ్వకండి.