తెరపై రంగు గీతలు: తప్పు మానిటర్‌దా, గ్రాఫిక్స్ కార్డుదా?

చీమకుర్తిలోని మీ ఆఫీసు కంప్యూటర్ తెరపై రంగు గీతలు వస్తున్నాయని, మానిటర్ మార్చాలా అని అడిగారు. తొందరపడకండి. గీతలు ఉన్నప్పుడే కంప్యూటర్‌లో స్క్రీన్‌షాట్ తీసి, దాన్ని ఫోనుకు పంపి చూడండి. అందులోనూ కనిపిస్తే తప్పు గ్రాఫిక్స్ కార్డుదో (తెరపై బొమ్మను తయారుచేసే భాగం), డ్రైవర్‌దో (ఆ కార్డును నడిపే సాఫ్ట్‌వేర్). లేకపోతే చాలావరకు కేబులో, మానిటరో. ముందు కేబుల్ మార్చి చూడండి, ఖర్చు తక్కువ.

విండోస్ మొదలవకముందు, కంప్యూటర్ ఆన్ చేయగానే వచ్చే బయోస్ తెరలోనే గీతలుంటే డ్రైవర్ జోలికి వెళ్లనక్కరలేదు. అప్‌డేట్ తర్వాతే మొదలైతే మాత్రం విండోస్‌లోని డివైస్ మేనేజర్‌లో పాత డ్రైవర్‌కు తిరిగి వెళ్లండి.

నా అనుమానమంతా మీ ఊరి గ్రానైట్ పొడి మీదే. కార్డు వేడిని లాగేసే లోహపు రేకుల (హీట్‌సింక్) సందుల్లో అట్టకట్టి గాలి ఆడనివ్వదు. కాసేపు పనిచేశాకే గీతలు వస్తుంటే వేడే కారణం కావచ్చు. ప్లగ్ తీసి, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని బ్లోయర్‌తో ఊదండి.