యూర్మల బీచ్‌కి శాలువా పట్టుకెళ్ళాలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం బాల్టిక్ సముద్రం గురించేనండి. పిల్లలు అటు చదువులకి, ఉద్యోగాలకి వెళ్తున్నారు, అమ్మానాన్నలు వెనకాలే బట్టలు సర్దుకుంటున్నారు. అందుకే మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి ఇవే తీసుకున్నా.

మా అమ్మాయి రీగాలో చదువుకుంటోంది. జూన్ చివర్లో రమ్మంటోంది, దగ్గర్లో యూర్మల అనే బీచ్ ఉందట, చూపిస్తానంటోంది. మా వారికి ఏటా మాఘ పౌర్ణమికి అంతర్వేదిలో సముద్ర స్నానం అలవాటు, అక్కడా మునుగుతానని ఇప్పట్నుంచే ఊరంతా చెప్పుకుంటున్నారు. నాకేమో మోకాళ్ళ నొప్పులు, జనం తొక్కిడి పడదు. ప్రశాంతంగా ఉండే చోటు ఏదైనా చెప్తారా? చీరలో వెళ్ళొచ్చా?
– ఓ తల్లి, అమలాపురం

ముందు మీ వారికి చెప్పండమ్మా, అక్కడ మునగాలంటే చాలా దూరం నడవాలి. యూర్మల ఉన్నది లాట్వియా దేశంలో, బాల్టిక్ సముద్రంలో ఓ భాగమైన రీగా గల్ఫ్ ఒడ్డున, అక్కడ లోతు మరీ తక్కువ. లోపలికి నడుస్తూ పోతే మోకాలి లోతు వస్తుంది, హమ్మయ్య అనుకునేలోపు కింద ఇసుక మేట తగిలి మళ్ళీ పాదాలు మునిగేంతే ఉంటుంది, ఇంకాస్త పోతే మళ్ళీ దిగుతుంది, ఇలా దిగుతూ ఎక్కుతూ నడుం లోతు దొరికేసరికి వెనక్కి తిరిగి చూస్తే ఒడ్డున మీరెవరో ఆయన పోల్చుకోలేరు. చిన్నపిల్లలున్న వాళ్ళకి ఇంతకంటే మంచి సముద్రం ఉండదు, సంకల్పం చెప్పుకుని మూడు మునకలు వేద్దామనుకునే వాళ్ళకి మాత్రం ఓపిక కావాలి.

రెండోది చలి. మన దగ్గర ఎండాకాలంలో సముద్రం 29, 30 డిగ్రీలుంటుంది, అక్కడ జూన్ చివర 16, 17 ఉంటే గొప్ప, జూలై ఆఖర్లోనో ఆగస్టులోనో ఎండలు బాగా కాస్తే 20 దాకా వెళ్తుంది. మీ వారికి బీపీ గానీ గుండె ఇబ్బంది గానీ ఉంటే ఒక్కసారిగా దూకనివ్వకండి, ముందు చేతులు, మొహం తడుపుకుని కాసేపు నిలబడి మెల్లగా దిగమనండి. ఆచమనం చేస్తే ఇంకో వింత, ఉప్పే సరిగ్గా తగలదు! మహాసముద్రం నీళ్ళలో లీటరుకి 35 గ్రాముల దాకా ఉప్పుంటే ఆ గల్ఫ్‌లో 5, 6 గ్రాములే. చుట్టూ ఉన్న నదులన్నీ బాల్టిక్‌లోకే వస్తాయి, దానికి బయట సముద్రంతో కలిసే దారి డెన్మార్క్ దగ్గర ఇరుకు జలసంధులు తప్ప వేరే లేదు, కాబట్టి ఉప్పునీళ్ళు లోపలికి వచ్చేది తక్కువ. గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు మన దగ్గర కూడా ఒడ్డు పక్కన ఉప్పు తగ్గుతుంది కదా, వాళ్ళకి ఏడాది పొడుగునా అదే. పోటూ పాటూ కూడా లేనట్టే, పొద్దున చెప్పులు వదిలిన చోటే సాయంత్రం ఉంటాయి, గాలి గట్టిగా ఒడ్డుకి తోసిన రోజు తప్ప.

ఇక ప్రశాంతత సంగతి. యూర్మల ఒక్క ఊరు కాదండి, ఒడ్డు వెంబడి గొలుసులా పోయే చిన్న చిన్న పేటలు, ప్రతిదానికీ ఓ రైల్వే స్టేషన్. రీగా సెంట్రల్ స్టేషన్‌లో రైలెక్కితే అరగంటలో మయోరి, అందరూ అక్కడో దానికి ముందొచ్చే జింతారిలోనో దిగిపోతారు, ఎందుకంటే షాపులు, హోటళ్ళు, యోమస్ వీధి అన్నీ అక్కడే. మీరు దిగొద్దు. అదే రైల్లో ఇంకొంచెం కూర్చుని మెల్లుజి, అసారి, వైవారి ఈ మూడిట్లో ఎక్కడ దిగినా ఇసుక అదే, సముద్రం అదే, జనం మాత్రం పలచగా ఉంటారు. స్టేషన్ నుంచి పాత చెక్క ఇళ్ళ మధ్యగా కాస్త నడక, తర్వాత పైన్ చెట్ల తోపు, తోపు దాటగానే ఒక్కసారిగా తెల్లటి ఇసుక. నీటి అంచున తడి ఇసుక రోడ్డులా గట్టిగా ఉంటుంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కూడా హాయిగా నడిచేయొచ్చు, పైన పొడి ఇసుకలోనే కాళ్ళు కూరుకుపోయి ఆయాసం వస్తుంది. అమ్మాయి స్నేహితులెవరైనా కార్లో తీసుకెళ్తామన్నా వద్దనండి, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా యూర్మలలోకి కారు రానిచ్చినందుకే విడిగా రుసుము కట్టాలి.

నా మాట వింటే స్నానం ముచ్చట ఓ పది నిమిషాల్లో తేల్చేసి మిగతా సాయంత్రమంతా నడకకి పెట్టుకోండి, ఆ సముద్రం అందుకే పుట్టింది. జూన్ చివర అక్కడ పొద్దు గుంకేది రాత్రి పది దాటాక. ఆరింటికి అన్నం తినేసి బయల్దేరినా బోలెడు వెలుతురు. కాకపోతే జూన్ 23, 24 తేదీలు చూసుకోండి, వాళ్ళకి అది మన సంక్రాంతంత పండగ. రాత్రంతా మంటలేసుకుని, ఆకుల కిరీటాలు పెట్టుకుని పాటలు పాడతారు, సూర్యోదయం దాకా పడుకోరు. చూడ్డానికి చాలా బాగుంటుంది గానీ ప్రశాంతత కావాలన్న మీరు ఆ రెండ్రోజులూ బీచ్ జోలికి పోకండి, షాపులు కూడా చాలావరకు మూసేస్తారు.

చీర నిక్షేపంగా కట్టుకోవచ్చు, ఎవరూ తల తిప్పి చూడరు. ఇబ్బంది చూపులతో కాదు, గాలితో. కుచ్చిళ్ళు ఒకసారి తడిశాయంటే ఆ గాలికి మడమల దగ్గర మంచుగడ్డ కట్టినట్టుంటుంది, ఫాల్ నిండా ఇసుక. చుడీదార్ వేసుకుని పైన స్వెట్టరు వేసుకోండి, శాలువా తప్పకుండా పట్టుకెళ్ళండి. ఇంకొక్కటి, పైన్ తోపులో, ఇసుక దిబ్బల మీద గడ్డిలో అడ్డదారులు తొక్కకండి, చెక్క వంతెన దారి మీదే నడవండి. ఆ గడ్డిలో పశువులకి పట్టే పిడుదుల్లాంటివే ఉంటాయి, కుడితే మెదడువాపు జ్వరం తెచ్చే రకం వైరస్ అక్కడ బాగా ఉంది. దానికి టీకా ఉంది, వెళ్ళేముందు డాక్టర్ని అడగండి, ఇంటికొచ్చాక కాళ్ళు, మోకాళ్ళ వెనక ఓసారి చూసుకోండి.

బాల్టిక్ ఒడ్డున అంబర్ ఊరికే దొరుకుతుందటగా? మా తమ్ముడు లిథువేనియా వెళ్తున్నాడు, ఓ గుప్పెడు ఏరుకురమ్మన్నాను.
– రాజోలు నుంచి ఓ అక్క

దొరుకుతుంది, కాకపోతే గుప్పెడు మాట మర్చిపోండి. నాలుగు కోట్ల ఏళ్ళ కిందటి చెట్ల జిగురు గట్టిపడి అయిందే అంబర్. బరువు బాగా తక్కువ కాబట్టి తుఫాను గాలి కొట్టిన మర్నాడు నాచుతో, పుల్లాపుడకలతో కలిసి ఒడ్డుకొస్తుంది. ఎండ కాసే రోజు ఎంత వెతికినా దండగ, గాలివాన వెలిశాక పొద్దున్నే వెళ్ళి నల్లటి నాచు కుప్పలు కెలకమనండి. కందిపప్పంత ముక్కలు దొరికితే అదృష్టమే. అసలుదో కాదో చూడాలంటే గ్లాసు నీళ్ళలో ఉప్పు ఇక కరగదనేదాకా కలిపి అందులో వేస్తే అంబర్ తేలుతుంది, రాయి, గాజు మునిగిపోతాయి.

ఇప్పుడు అసలు జాగ్రత్త. జర్మనీలో ఉజెడోమ్ దీవి దగ్గర, లాట్వియాలో లీపాయ వైపు సముద్రం అడుగున పాత ఆయుధాల తాలూకు తెల్ల భాస్వరం ఉంది, అది ముక్కలుగా ఒడ్డుకి కొట్టుకొస్తుంది, చూడ్డానికి అచ్చం అంబరే. తడిగా ఉన్నంతసేపూ మండదు, జేబులో వేసుకున్నాక ఒంటి వేడికి ఆరి భగ్గుమని అంటుకుంటుంది, అలా తొడలు కాలి ఆసుపత్రి పాలైన వాళ్ళున్నారు. మీ తమ్ముడు ఏ దేశం ఒడ్డున ఏరినా సరే జేబులో వేసుకోవద్దని గట్టిగా చెప్పండి, మూతున్న రేకు డబ్బా చేత్తో పట్టుకెళ్ళి అందులో వేసుకోవాలి. మీకు దండ మీద మోజుంటే రసీదు ఇచ్చే షాపులో కొనిపించుకోండి అక్కా.

మా వాడు బెర్లిన్‌లో ఉంటాడు. అక్కణ్ణుంచి ఏ బీచ్ దగ్గర?
– ఓ రిటైర్డ్ మాస్టారు, పాలకొల్లు

మాస్టారూ, రైల్లో రోస్టాక్, అక్కణ్ణుంచి లోకల్‌లో వార్నెమ్యుండె, పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేయొచ్చు. విశాలమైన బీచే గానీ ప్రశాంతం అనను, జూలై ఆగస్టుల్లో బెర్లిన్ సగం అక్కడే ఉంటుంది. అల్లిన బుట్టలకి పైకప్పు పెట్టి కుర్చీలు చేసినట్టు స్ట్రాండ్‌కోర్బ్‌లని వరసగా వేసి ఉంటాయి, గాలి తగలకుండా కూర్చోడానికి అద్దెకిస్తారు. 1882లో రోస్టాక్‌లోనే ఒక బుట్టలల్లే ఆయన కీళ్ళ నొప్పుల ఆవిడ కోసం మొదటిది చేసిచ్చాడట, మీ వయసు వాళ్ళకి అది తీసుకోవడమే సుఖం. ఎఫ్‌కెకె అని బోర్డు కనపడితే అటు వెళ్ళకండి, అక్కడ బట్టలు వేసుకోరు, వాళ్ళకది మామూలే, మీకే ఇబ్బంది. ఓ రెండు రాత్రులు ఉండగలిగితే దార్స్ అనే చోట పడమటి ఒడ్డుకి వెళ్ళండి, కార్లు పోవు, అడవిలోంచి సైకిలు మీదో నడిచో వెళ్ళాల్సిందే, అందుకే అక్కడ నిజంగా నిశ్శబ్దం.

మనకి ఓడలరేవు, ఎస్.యానాం, పేరుపాలెం ఉండగా లక్షలు తగలేసి చలి సముద్రం చూడ్డమేంటండీ?
– కాకినాడ కుర్రాడు

బీచ్ ఒక్కదాని కోసమే అయితే నువ్వన్నదే రైటు తమ్ముడూ, నేనూ వెళ్ళమనను. అక్కడ మనవాళ్ళెవరో ఉండి, ఎలాగూ టికెట్ పెట్టుకున్నప్పుడే ఇది. అయినా తేడా చూడాలంటే భలే ఉంటుంది. మన ఇసుక గోదావరి మోసుకొచ్చింది, అందులో ఒండ్రు, నల్ల ఖనిజం కలిసుంటాయి. వాళ్ళది మంచుయుగంలో హిమానీనదాలు రుబ్బి వదిలేసిన మట్టిని అలలు కడగ్గా మిగిలింది, అందుకే అంత తెలుపు. మన ఒడ్డున ఇసుకని, తుఫాను గాలిని ఆపడానికి సరుగుడు తోటలు వేశారు కదా, లిథువేనియా, రష్యాల మధ్య 98 కిలోమీటర్లు సన్నగా సాగిన కురోనియన్ స్పిట్ మీద వాళ్ళూ అదే పని చేశారు. అడవులు నరికేస్తే ఇసుక దిబ్బలు కదిలి ఊళ్ళకి ఊళ్ళనే కప్పేశాయి, ఆ దెబ్బకి 19వ శతాబ్దంలో పట్టుబట్టి పైన్ చెట్లు నాటారు. 2000లో దాన్ని యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. ఉప్పాడ రోడ్డు మీద అలలు కొడుతుంటే రోజూ చూసే నీకు ఆ కథ వేరే విడమర్చి చెప్పక్కర్లేదు.

వీసాకి ఎన్నాళ్ళ ముందు అప్లై చేయాలి? లాట్వియా, జర్మనీ రెండూ తిరగాలి.
– భీమవరం

రెండూ షెంగెన్ అనే యూరప్ దేశాల గుంపులోనివే, ఒక్క వీసా చాలు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే అప్లై చేయాలి. ప్రయాణానికి ఆర్నెల్ల ముందు నుంచి తీసుకుంటారు, వేసవి సీజన్‌లో అపాయింట్‌మెంట్లు దొరకవు కాబట్టి సంక్రాంతి అయిపోగానే కదలండి. పెద్దవాళ్ళకి ఫీజు 90 యూరోలు, మెడికల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. ఆ ఇన్సూరెన్స్ కాగితం, హోటల్ బుకింగ్ లేదా పిల్లలిచ్చిన ఆహ్వాన పత్రం చేతి సంచిలోనే ఉంచుకోండి, దిగగానే ఇమిగ్రేషన్‌లో అడగొచ్చు, ఆవకాయ సీసాతో పాటు పెద్ద సూట్‌కేసులో పడేయకండి.