పాడలేకపోవడం పాపమా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. తాతల కాలం నుంచి క్రైస్తవులం. మొన్న వానకాలంలో మా ఆరేళ్ల బాబు డెంగీ జ్వరంతో చనిపోయాడు. ఆదరణ కూడికలో ఒకరు ‘దేవుడు తన తోటకు మంచి పువ్వును కోసుకున్నాడు’ అన్నారు, మరొకరు ‘మీ ఇంట్లో ఒప్పుకోని పాపం ఉంది’ అన్నారు. బిడ్డ పోయాక దావీదు లేచి భోంచేశాడు కదా, నువ్వూ ఏడుపు ఆపమని అత్తమ్మ అంటున్నది. చర్చిలో పాట మొదలైతే నా గొంతు పెగలడం లేదు. నా విశ్వాసం పోయినట్లేనా? వాడి బడి సంచి ఇంకా కొయ్యకు వేలాడుతున్నది, తీసివేయాలా?
– ఒక సోదరి, నల్లగొండ జిల్లా

జవాబు: అమ్మా, మీ అత్తమ్మగారు చెప్పిన దావీదు సంగతితోనే మొదలుపెడతాను, ఎందుకంటే మన సంఘాల్లో దాన్ని సగమే చదువుతారు. రెండవ సమూయేలు 12వ అధ్యాయంలో, బిడ్డ చనిపోయాడని తెలిశాక దావీదు లేచి, స్నానం చేసి, మందిరంలో మొక్కి, భోజనం చేసిన మాట నిజమే. అయితే అదే దావీదు 18వ అధ్యాయంలో, తన మీదికే యుద్ధానికి వచ్చిన అబ్షాలోము మరణవార్త విని, నీకు బదులు నేను చనిపోయినా బాగుండేదని కొడుకును పేరుపెట్టి పిలుస్తూ ఏడ్చాడు. సేనాపతి యోవాబు వచ్చి గద్దించేదాకా ఆపలేదు. రాజు గనుక ఆయన సైన్యానికి ముఖం చూపించవలసి వచ్చింది, మీకు ఆ నిర్బంధం లేదు.

పాపం సంగతంటారా, నీ పాపం వల్లే బిడ్డ చనిపోతాడని నాతాను ప్రవక్త దావీదుకు చెప్పాడే గాని, బిడ్డను పోగొట్టుకున్న ప్రతి ఇంటికీ అంటగట్టమని చెప్పలేదు. పుట్టుగుడ్డివానిని చూపి ఎవరి పాపమని శిష్యులు అడిగితే, వాడూ కాదు, వాని కన్నవారూ కాదని యేసుప్రభువు తేల్చి చెప్పారు. డెంగీ దోమ కాటు వల్ల వచ్చే జ్వరం. బిడ్డలందరినీ పోగొట్టుకున్న యోబును ఓదార్చవచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట్లాడకుండా నేల మీద కూర్చున్నంతవరకు మంచివారే, కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే చెడ్డారు. పువ్వు మాట అన్నవారు ప్రేమతోనే అని ఉంటారు గాని, తల్లి ఒడిలోంచి బిడ్డను కోసుకుపోయే దేవుడు నాకు సువార్తల్లో కనిపించలేదు; నాయీను ఊరి వితంతువు కొడుకు పాడెను ఆపి, అతణ్ణి బ్రతికించినవాడే కనిపించాడు. మరి మా బాబు పాడె ఎందుకు ఆగలేదని మీరు అడగవచ్చు. ఆ మాట దేవుణ్ణే అడగండి; దానికి జవాబు తన దగ్గర ఉందనే బోధకుణ్ణి నేను నమ్మను.

గొంతు పెగలకపోతే పాడకండి, పక్కవారు పాడుతుంటే ఊరికే కూర్చోండి. 88వ కీర్తన ఏ ఓదార్పూ లేకుండా, చీకటే తనకు బంధువర్గమైందన్న మాటతో ముగుస్తుంది, అయినా అది ప్రార్థనే. ఈస్టరు వేకువన అందరూ కొవ్వొత్తులతో సమాధుల దగ్గరకు బయలుదేరినప్పుడు పోలేననిపిస్తే ఇంట్లోనే ఉండండి.

సంచికి తొందర లేదు. మీకూ మీ భర్తకూ మనసొప్పిన రోజునే తీయండి, అంతవరకు ఎవరూ ముట్టవద్దని అత్తమ్మగారికి మర్యాదగా చెప్పండి. నిద్ర, తిండి బొత్తిగా కరువైతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ సేవ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. అది అవిశ్వాసమని ఎవరైనా అంటే, పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడేనని చెప్పండి.