నాటక సమాజం కమిటీలో చేరితే బిడ్డ భవిష్యత్తు పాడవుతుందా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా అమ్మాయి నల్గొండలో బీకాం ఫైనల్ ఇయర్ చదువుతోంది. చిన్నప్పుడు సంగీతం నేర్చుకుంది. రెండేళ్లుగా మా ఊరి పద్య నాటక సమాజంలో పాడుతోంది. ఇప్పుడు వాళ్లు తనను కమిటీలో కోశాధికారిగా ఉండమంటున్నారు. జీతం లేదు. స్టేజీ అంటే ఇష్టం కదా, హైదరాబాద్‌లో ఈవెంట్ మేనేజ్‌మెంట్ పీజీ డిప్లొమాలో చేర్పించమని బంధువులు అంటున్నారు. నేను ఎంబీఏ అనుకుంటున్నాను. రెండింట్లో ఏది మంచిది? ఈ కమిటీ పని మాన్పించాలా? నాటకాలోళ్లతో తిరిగితే రేపు సంబంధాలు వస్తాయా అని వాళ్లమ్మకు ఒకటే టెన్షన్.

జవాబు: కోర్సుల సంగతికి వస్తాను. కానీ మీ ఇంట్లో నలుగుతున్నది కోర్సు కాదు, ఆ చివరి వాక్యం. కొడుకు ఇలాంటి పనిలో ఉంటే ‘టైమ్ వేస్ట్’ అని అడుగుతారు, కూతురైతే ‘సంబంధాలు’ అని అడుగుతారు. నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది ఇంతే. టెన్షన్ వాళ్లమ్మదని రాశారు గానీ, అది మీకూ ఉందని ఉత్తరమే చెబుతోంది.

ఒక్కసారి ఆలోచించండి. ఊళ్లో పెద్దమనుషులు కలిసి, దాతల దగ్గర తెచ్చిన పైసలు మీ బిడ్డ చేతిలో పెడతామంటున్నారు. పాట బాగుందని ఎవరూ పైసలు అప్పగించరు. ఆమె నడవడిక, లెక్క, మాట మీద నిలబడే తీరు రెండేళ్లు చూసి అడిగారు. మీరు సంతోషపడాల్సిన చోట భయపడుతున్నారు.

ఇంతకీ నాటక సమాజం కమిటీలో ఏం పని ఉంటుందో బయటివాళ్లకు తెలియదు. శాలువాలు, దండలు, వేదిక మీద కుర్చీలు మాత్రమే కనిపిస్తాయి. ఒక పద్య నాటకం ఆడాలంటే హార్మోనిస్టుకు, తబలా అతనికి, మేకప్ మనిషికి ముందే మాట ఇవ్వాలి. డ్రెస్సులు, పరదాలు, లైట్లు, మైకు కిరాయికి తేవాలి. హాలు దొరకక ఆరుబయట ఆడితే పోలీసు పర్మిషన్ కావాలి. శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది దాటితే ఆరుబయట మైకు పెట్టకూడదు. కొన్ని ప్రత్యేక రోజుల్లో ప్రభుత్వం సడలింపు ఇచ్చినా అర్ధరాత్రి వరకే. తెల్లవార్లూ ఆడిన నాటకాన్ని మూడు గంటలకు కుదించాల్సి వచ్చినప్పుడు ఎవరి పద్యాలు తీసేయాలన్నది పెద్ద తగాదా. ఆ తగాదా తీర్చేది కూడా కమిటీయే. ఇవన్నీ అయ్యాక మిగిలే పని లెక్క. దాన్నే మీ అమ్మాయికి ఇస్తామంటున్నారు.

బీకాం పిల్లకు ఇంతకంటే మంచి ప్రాక్టికల్ నేను చూపించలేను. పుస్తకంలో చదివిన రాబడి–చెల్లింపుల ఖాతా ఇక్కడ నిజం రసీదులతో రాస్తుంది. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో ఒకాయన యాభై వేలు నగదు ఇచ్చి ‘ఆదాయపు పన్ను మినహాయింపుకు 80జి రసీదు రాయమ్మా’ అన్నాడనుకోండి. రెండు వేలు దాటిన నగదు చందాకు ఆ మినహాయింపు వర్తించదని, అసలు సమాజానికి ఆ రిజిస్ట్రేషన్ ఉంటేనే ఆ మాట అని, పెద్దాయనకు నొప్పి తగలకుండా చెప్పడం ఆమె నేర్చుకోవాలి. వాడపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. 2013 కంపెనీల చట్టం కింద నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు సగటు లాభంలో రెండు శాతం సామాజిక పనులకు పెట్టాలి. ఆ పనుల జాబితాలో కళలూ సంస్కృతీ ఉన్నాయి. ఆ డబ్బు అడగడానికి వెళ్లే సమాజానికి ఆడిట్ అయిన లెక్కలు, సీఎస్ఆర్-1 అనే నమోదు (కంపెనీల సామాజిక నిధులు తీసుకునే సంస్థలు కేంద్ర ప్రభుత్వం దగ్గర చేసుకునేది) ఉండాలి. కేంద్ర సాంస్కృతిక శాఖ నాటక బృందాలకు ఇచ్చే గ్రాంటుకైనా కాగితాలు పక్కాగా లేకపోతే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. మన దగ్గర పాడేవాళ్లు ఉన్నారు, ఆడేవాళ్లు ఉన్నారు. కాగితం రాసేవాళ్లు లేక ఎన్నో సమాజాలు మూతపడ్డాయి. అది నాకు నిజంగా బాధ.

అయితే కళ్లు మూసుకుని పంపమని చెప్పను. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం సమాజం పెట్టడానికి కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. పాతవైతే కొన్ని నిజాం కాలపు 1350 ఫసలీ నాటి చట్టం కింద నమోదై ఉంటాయి. మీ ఊరి సమాజం దేని కింద ఉందో, బైలాలో కోశాధికారి బాధ్యత ఏమని రాసి ఉందో అమ్మాయి చదవాలి. ఏటేటా కమిటీ పేర్లు రిజిస్ట్రార్‌కు ఇస్తున్నారా, పోయిన ఏళ్ల లెక్కలు ఆడిట్ అయ్యాయా అని అడగాలి. పాత లెక్క తేలకుండా కొత్త సంతకం పెట్టకూడదు. బ్యాంకు ఖాతా ఇద్దరి సంతకాలతో నడవాలి. అధ్యక్షుడు ఎంత పెద్దవాడైనా, ఎంత మంచివాడైనా, ఖాళీ చెక్కు మీద సంతకం అడిగితే కుదరదనాలి. ‘మనలో మనకు రసీదు ఎందుకమ్మా’ అన్న మాట ఒక్కసారి వినిపించినా ఆ రోజే రాజీనామా ఇచ్చి ఇంటికి రావచ్చు. రాజీనామా కాగితం మీద ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి.

ఇక మీ బంధువులు చెప్పిన ఈవెంట్ మేనేజ్‌మెంట్. ఈ కోర్సు మీద నాకు చాలా అనుమానాలున్నాయి, దాచుకోను. పని చెడ్డదని కాదు. పెళ్లిళ్లు, కంపెనీ మీటింగులు, కచేరీలు నడిపించేవాళ్లు కష్టజీవులు. కానీ ఆ రంగంలో పని ఇచ్చేవాడు సర్టిఫికెట్ చూడడు. ఇంతకుముందు ఏం నడిపించావు, ఎంతమంది వచ్చారు, కరెంటు పోతే ఏం చేశావు అని అడుగుతాడు. వీటికి జవాబు మీ బిడ్డకు నాటక సమాజంలోనే దొరుకుతుంది, ఫీజు లేకుండా. ఇక మన దగ్గర ఆ పనిలో పెద్ద భాగం పెళ్లిళ్లే. మూఢం వస్తే, ఆషాఢం వస్తే చేతిలో పని ఉండదు. ముహూర్తాలున్న నెలల్లో నిద్ర ఉండదు. కొత్తగా చేరినవాళ్లలో ఎక్కువమందికి నెల జీతం కాదు, ఈవెంటుకు ఇంతని ఇస్తారు. 2020లో కరోనా వచ్చినప్పుడు మొదట ఆగిపోయిన పనుల్లో ఇది ఒకటి. కొన్ని సంస్థలు ఇంటర్న్‌షిప్ అని పిల్లలను బఫే దగ్గర, గేటు దగ్గర నిలబెట్టి పంపిస్తాయి. ఫీజు మాత్రం లక్షల్లో ఉంటుంది. ఆ డిప్లొమా ఏ యూనివర్సిటీ ఇస్తుందో అడగండి. పోయిన ఏడాది చదివినవాళ్ల ఫోన్ నంబర్లు అడిగి, వాళ్లతోనే మాట్లాడండి. సంస్థ నంబర్లు ఇవ్వకుండా ఫొటోలు, రీల్సు చూపిస్తే డబ్బు కట్టకండి. బంధువుల్లో ఎవరి పిల్లలైనా ఆ కోర్సు చదివారా? దాదాపుగా ఇలాంటి సలహా ఇచ్చేవాళ్లు తమ పిల్లలను అందులో చేర్చరు.

ఎంబీఏ అయితే ప్రవేశ పరీక్ష ఐసెట్ సంగతి మీకు తెలిసిందే. ఫైనాన్స్ తీసుకుంటే తన బీకాంకు పనికొస్తుంది. నల్గొండలోనే మహాత్మా గాంధీ యూనివర్సిటీలో ఎంబీఏ ఉంది, ఇంటికీ సమాజానికీ దగ్గర. పేరు లేని ప్రైవేటు కాలేజీలో ఎంబీఏ కంటే నేను సీఏ, సీఎంఏ (కాస్ట్ అకౌంటెన్సీ) వైపు చూడమంటాను. బీకాంలో 55 శాతం వస్తే ఫౌండేషన్ పరీక్ష లేకుండా నేరుగా సీఏ ఇంటర్మీడియట్‌లో చేరొచ్చు. లెక్క రాయడం ఆమెకు నిజంగా ఇష్టమా అన్నది కోశాధికారిగా ఒక ఏడాది చేస్తే తనకే తెలుస్తుంది.

లేదు, నాటకమే చదువుతాను అంటుందేమో. దానికీ దారులున్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకున్న తెలుగు విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల పీజీ ఉంది. కేంద్ర సాంస్కృతిక శాఖ కింది సీసీఆర్టీ అనే సంస్థ 18 నుంచి 25 ఏళ్ల కళాకారులకు రెండేళ్లు నెలకు అయిదు వేల స్కాలర్‌షిప్ ఇస్తుంది, అందులో నాటకమూ ఉంది. ఆ మాట ఆమె నోటి నుంచి రానివ్వండి. మీరు ముందే ఊహించుకుని వణకొద్దు.

సంబంధాల మాట. సురభి నాటక కుటుంబాలు 1885 నుంచి నాటకం ఆడుతున్నాయి. మగవాళ్లే ఆడవేషాలు కట్టే రోజుల్లో ఆ ఇళ్ల ఆడవాళ్లు స్టేజీ ఎక్కారు. వాళ్ల ఇళ్లలో పెళ్లిళ్లు జరిగాయి, పిల్లలు పుట్టారు, ఆ పిల్లలూ ఆడారు. మీ అమ్మాయి ఊరి సమాజానికి లెక్కలు రాస్తోందని తెలిసి వెనక్కి వెళ్లే సంబంధం గురించి మీరు ఏడ్వకూడదు, ఊపిరి పీల్చుకోవాలి. కోపం తెప్పిస్తే తెప్పించనివ్వండి, ఈ మాట చెప్పకుండా ఉండలేను: రెండేళ్లుగా బిడ్డ పాడుతోందని రాశారు, ఒక్కసారి వెళ్లి విన్నట్టు ఎక్కడా రాయలేదు. నాటకాలోళ్లు అంటున్నారే, వాళ్లలో ఒక్కరితోనైనా కూర్చుని మాట్లాడారా? రిటైరైన టీచర్లు, ఆర్టీసీ ఉద్యోగులు, బట్టల షాపువాళ్లు, ఇలాంటివాళ్లే మన ఊళ్లలో ఈ సమాజాలను నిలబెడుతున్నారు. మీలాంటివాళ్లే.

రిహార్సల్ రాత్రి ఆలస్యమైతే ఎలా వస్తుందన్న భయం న్యాయమైనదే. సమయం ముందే మాట్లాడుకోండి. ఇంటికి దింపే ఏర్పాటు కమిటీని అడగండి, లేదా మీరే బండి తీసుకుని వెళ్లండి. పరీక్షల నెలలో మీటింగులకు రాలేనని ఆమె ముందే చెప్పాలి. పదవి ఒప్పుకునేది ఒక ఏడాదికే అని తీర్మానాల పుస్తకంలో రాయించుకోవాలి. కొత్త కమిటీని ఎన్నుకునే సర్వసభ్య సమావేశం ఎప్పుడో అమ్మాయిని అడిగి, ఆ రోజు వాళ్లమ్మను కూడా వెంటబెట్టుకుని వెళ్లండి. పాత లెక్కలు చదివేటప్పుడు వినండి, సందేహం వస్తే లేచి అడగండి. ఆ తర్వాత చేరాలా వద్దా అన్నది బిడ్డనే చెప్పనివ్వండి.