అడిగితే చెప్తా: 112కి పక్కిల్లు 113

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం బెట్టింగ్ యాప్‌ల గొడవే, రెండు మూడు టెర్రరిజం కేసుల మీద. ఈ రెండింటికీ సంబంధం ఏముందయ్యా అనుకుంటారేమో. 2024 జులై 1 నుంచి పాత ఐపీసీ బదులు అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత తెరిచి చూడండి. ముఠా కట్టి దొంగతనాలు చేసేవాళ్లు, గొలుసులు లాక్కెళ్లేవాళ్లు, టికెట్లు బ్లాకులో అమ్మేవాళ్లు, అనుమతి లేకుండా బెట్టింగ్ నడిపేవాళ్లు అందరూ 112వ సెక్షన్‌లో ఉంటారు. దాని కిందే 113, టెర్రరిజం. మన తిరుపతిలో దర్శనం టికెట్ల దళారీకీ బాంబు పెట్టేవాడికీ పక్కపక్క ఇళ్లన్నమాట. శిక్షల్లో చాలా తేడా ఉందిలెండి, కానీ పోలీసుల ప్రెస్‌మీట్లో మాత్రం రెండూ ఒకేలా వినిపిస్తాయి. అందుకే అన్ని ఉత్తరాలూ ఒకేచోట పెట్టాను.

మా అబ్బాయి ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. హాస్టల్లో సీనియర్ ఒకడు నెలకు ఐదు వేలు ఇస్తానంటే కొత్తగా తీసిన బ్యాంకు అకౌంటు, ఏటీఎం కార్డు, సిమ్ అన్నీ ఇచ్చేశాడంట. ఇప్పుడు అకౌంట్ ఫ్రీజ్ అయింది, వేరే రాష్ట్రం పోలీసుల నుంచి నోటీసు వచ్చింది. మావాడు ఒక్క రూపాయి పందెం కాయలేదు సార్. జైలుకు పంపిస్తారా? — ఒక తల్లి, శ్రీకాళహస్తి

అమ్మా, ముందు మీరు అన్నం తినండి. తర్వాత ఆ నోటీసు ఏ సెక్షన్ కింద వచ్చిందో చూడండి. బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 35(3) కింద వచ్చి ఉంటే అది విచారణకు రమ్మని పిలిచే కాగితం. చెప్పిన రోజుకు వెళ్లి, అడిగిందానికి సమాధానం చెప్తుంటే మామూలుగా అరెస్టు చేయరు. భయపడి ఇంట్లో కూర్చుంటేనే అసలు చిక్కు. వెళ్లేటప్పుడు లాయర్ని వెంట తీసుకెళ్లండి, ఇచ్చిన ప్రతి కాగితానికీ నకలు దగ్గర పెట్టుకోండి. ఇంకో మాట, ఆ సీనియర్‌తో నడిచిన వాట్సాప్ చాటింగ్ టెన్షన్‌లో డిలీట్ చేసేస్తారేమో, ఆ పని మాత్రం చేయనివ్వకండి. మీవాడిని కాపాడగలిగేది ఆ చాటింగ్ ఒక్కటే. అకౌంట్ సంగతి దర్యాప్తు అధికారిని రాతపూర్వకంగా అడగండి, పలకకపోతే అక్కడి మేజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేయించండి. ఈలోపు ఎవడో ఫోన్ చేసి ఇంత కడితే సెటిల్ చేస్తానంటాడు. వాడు ఇంకో దొంగ.

ఇలాంటి కుర్రాడే పోయిన వేసవిలో నా దగ్గరికి వచ్చాడు, బ్యాంకు స్టేట్‌మెంట్‌ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని. మొదటి పేజీలో వాళ్లమ్మ పంపిన 1,500, మొబైల్ రీచార్జి, బిర్యానీ పాయింట్‌కి 180. మూడో పేజీ తిప్పానో లేదో, నిమిషానికి రెండు మూడు ఎంట్రీలు, 200, 500, 1,000, అర్ధరాత్రి రెండు గంటలకు కూడా, ఎవరెవరివో పేర్లు, మనం ఎన్నడూ వినని ఊళ్లు. నలభై పేజీల తర్వాత మిగిలిన బ్యాలెన్స్ 41 రూపాయలు. ఆ 41 రూపాయల వాడే కేసులో మొదటి ముద్దాయి. యాప్ నడిపినవాడి పేరు చోట 'గుర్తుతెలియని వ్యక్తులు' అని ఉంది.

ఇందులో వింత చెప్తాను. 2025 ఆగస్టులో పార్లమెంటు పాస్ చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బులు పెట్టి ఆడినవాడికి శిక్ష లేదంటుంది, అతను బాధితుడట. ఆట నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ప్రకటనలిస్తే రెండేళ్లు, యాభై లక్షలు. డబ్బు చేతులు మారడానికి సాయపడితే మళ్లీ మూడేళ్లు, కోటి. అంటే మీవాడు అప్పులు చేసి ఆడి ఉంటే బాధితుడయ్యేవాడు, ఆడకుండా అకౌంట్ ఇచ్చాడు కాబట్టి నిందితుల వైపు నిలబడాల్సి వస్తోంది. తప్పు చేయలేదని నేననను, చేశాడు. కానీ ఆ చివర కూర్చున్నవాడి దాకా కేసు వెళ్లడం మాత్రం నేనైతే చూడలేదు.

రమ్మీ నైపుణ్యంతో ఆడే ఆట అని సుప్రీంకోర్టే చెప్పింది కదా, గుర్రప్పందేలకూ ఒప్పుకుంది కదా, మరి మా ఫోన్లో ఆట ఎందుకు ఆపేశారు? — ఒక పాఠకుడు, పలమనేరు

చెప్పింది నిజమే. రమ్మీ గురించి 1968లో, అదీ సికింద్రాబాద్ క్లబ్బు కేసులో. గుర్రప్పందేల గురించి 1996లో. 1867 నాటి తెల్లదొరల జూద చట్టం కూడా నైపుణ్యం ఉన్న ఆటల్ని వదిలేసింది. మన ఆంధ్రప్రదేశ్‌వాళ్లు మాత్రం 2020లోనే 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌తో సహా మూసేశారు, మీరు పలమనేరులో కూర్చుని ఫేక్ లొకేషన్ పెట్టుకుని ఆడి ఉంటారు, నాకు తెలుసు. 2025 చట్టం ఇంకో అడుగు ముందుకేసి నైపుణ్యమా అదృష్టమా అన్న తగువే లేదు, డబ్బు పెట్టావా లేదా అంతే అంది. కంపెనీలు కోర్టుకెక్కాయి, హైకోర్టుల్లో ఉన్న పిటిషన్లన్నీ సుప్రీంకోర్టు తన దగ్గరికి తెప్పించుకుంది.

నిషేధం తప్పని నేననడం లేదు, ఈ ఆటల్లో మునిగి ఇల్లు అమ్ముకున్నవాళ్లు నాకు తెలుసు. నా అనుమానం వేరే. 2023 అక్టోబర్ నుంచి ఇదే ఆట మీద, పెట్టిన మొత్తానికి 28 శాతం జీఎస్టీ వసూలు చేసింది ఈ ప్రభుత్వమే. క్రికెట్ జట్టు చొక్కా మీద ఫాంటసీ యాప్ పేరు వేసుకుని తిరిగినప్పుడు అది దేశభక్తి. రెండేళ్లు గడిచేసరికి సమాజానికి చీడ. చీడ అని ముందే తెలిస్తే పన్ను ఎందుకు తీసుకున్నట్టు? తెలియకపోతే ఇప్పుడు కొత్తగా ఏం తెలిసింది? ఇక్కడి కంపెనీలు మూతపడ్డాయి సరే, టెలిగ్రామ్‌లో లింకు పంపే విదేశీ యాప్‌ల వాడికి ఏ సెక్షన్ తగులుతుంది? ఒక లింకు బ్లాక్ చేస్తే చివర ఒక అంకె మార్చి ఇంకోటి పంపిస్తాడు.

2013లో మా ఊర్లో టెర్రరిస్టుల్ని పట్టుకున్నారని టీవీలన్నీ ఇక్కడే ఉండేవి. ఇప్పుడేమో పెద్ద పెద్ద కేసుల్లో అందరూ నిర్దోషులంటున్నారు. పోలీసుల్ని నమ్మాలా, కోర్టుని నమ్మాలా? — ఒక టీచరు, పుత్తూరు

అంతవరకూ పుత్తూరు అంటే బయటివాళ్లకి ఎముకల కట్టే గుర్తొచ్చేది. ఆ అక్టోబర్ 5న తెల్లవారుజాము నుంచి తమిళనాడు పోలీసులు, మన ఆక్టోపస్ (ఉగ్రవాద వ్యతిరేక దళం) వాళ్లు వాళ్లు దాక్కున్న ఇంటిని చుట్టుముట్టి కూర్చోవడం నాకూ గుర్తుంది. ప్రమాదం లేదని నేననను. 2003లో ఇదే అక్టోబర్ ఒకటిన అలిపిరిలో ముఖ్యమంత్రి కారు కింద మందుపాతరలు పేలిన జిల్లా మనది. హింస కట్టుకథ కాదు. ప్రశ్నల్లా పట్టుకున్నవాడే చేసినవాడా అన్నది.

హైదరాబాద్ మక్కా మసీదు పేలుడు సంగతే తీసుకోండి, 2007 మే 18. మొదట పాతబస్తీ కుర్రాళ్లని తీసుకెళ్లారు, వాళ్లు బయటపడ్డారు. తర్వాత కేసు వేరే వాళ్ల మీదికి తిరిగింది, 2018 ఏప్రిల్‌లో వాళ్లూ నిర్దోషులే అన్నారు. మసీదులో మనుషులు పోయారు, శిక్ష పడినవాడు ఒక్కడు లేడు. అదే ఊళ్లో 2013 దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల కేసులో ఐదుగురికి ఉరిశిక్ష పడింది, 2025 ఏప్రిల్‌లో హైకోర్టు కూడా ఖాయం చేసింది. కాబట్టి అన్నీ అబద్ధపు కేసులని ఎగిరేవాళ్ల మాటా నమ్మకండి.

నన్ను బాగా ఆలోచింపజేసింది మకోకా అనే చట్టం. మహారాష్ట్ర వాళ్లు 1999లో మాఫియా ముఠాల కోసం చేసుకున్నది. అందులో పోలీసు పెద్ద అధికారి ముందు చెప్పిన నేరాంగీకారం కూడా సాక్ష్యమే, మామూలు చట్టంలో అది చెల్లదు. 2006 ముంబై రైలు పేలుళ్ల కేసు దీని కింద నడిచింది. కింది కోర్టు 12 మందికి శిక్ష వేసింది, అందులో ఐదుగురికి ఉరి. 2025 జులై 21న బాంబే హైకోర్టు ఆ నేరాంగీకారాలు నమ్మదగ్గవి కావని అందరినీ వదిలేసింది. పందొమ్మిదేళ్లు. ఒకాయన అప్పటికే జైల్లో చనిపోయాడు. ఆ తీర్పుని వేరే కేసుల్లో ఉదాహరణగా చూపకూడదని సుప్రీంకోర్టు ఆపింది కానీ, బయటికొచ్చినవాళ్లని మళ్లీ లోపలికి పొమ్మనలేదు. ఇదే మకోకాని ఢిల్లీ పోలీసులు 2013 ఐపీఎల్ స్పాట్ ఫిక్సింగ్ కేసులో క్రికెటర్ల మీద, బుకీల మీద పెట్టారు. 2015 జులైలో కోర్టు శ్రీశాంత్‌తో సహా 36 మందిని విచారణ దాకా కూడా పోకుండానే వదిలేసింది. రైలు బాంబుకీ, ఓవర్లో ఎన్ని పరుగులిస్తాడన్న పందేనికీ ఒకే చట్టమా అని అప్పుడే ముక్కున వేలేసుకున్నాను. 112, 113 చూసినప్పుడు మళ్లీ అదే గుర్తొచ్చింది.

ఇక ఉపా, అంటే టెర్రరిజం కేసుల్లో పెట్టే చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం. దాని 43డి(5) ప్రకారం ఆరోపణ పైకి నిజమనిపిస్తే చాలు, బెయిల్ లేదు. ఛార్జిషీటుకి 180 రోజుల దాకా గడువు. 2016 నుంచి 2020 దాకా ఉపా కేసుల్లో నిందితులు 24,134 మందైతే శిక్ష పడింది 212 మందికి, నిర్దోషులుగా తేలింది 386 మంది. మిగతావాళ్ల సంగతి తేలాలి. జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ మాత్రం తన కేసుల్లో 90 శాతం పైగా శిక్షలు పడుతున్నాయంటుంది. అందులో తప్పు ఒప్పుకున్నవాళ్లెందరో విడిగా చూడాలి, ఎందుకంటే ఏడెనిమిదేళ్లు లోపలున్నవాడికి ఒప్పేసుకుంటే రేపే ఇంటికి పోవచ్చని లెక్క తెలిశాక ఏం చేస్తాడో నాకు కోర్టు వరండాలో చాలాసార్లు కనిపించింది.

ఎవరిని నమ్మాలంటారా, టీచరమ్మా, తేదీల్ని నమ్మండి. అరెస్టు ఎప్పుడు, ఛార్జిషీటు ఎప్పుడు, మొదటి సాక్షి ఎప్పుడు బోనెక్కాడు. అరెస్టు మొదటి పేజీలో వస్తుంది, విడుదల ఎనిమిదో పేజీలో పెళ్లి సంబంధాల పక్కన. కత్తెర పెట్టి ఆ ఎనిమిదో పేజీ కటింగులు దాచుకోండి, మీ క్లాసులో పనికొస్తాయి.

విదేశాల్లో ఎన్నికలు, యుద్ధాల మీద కూడా పందేల మార్కెట్లు ఉన్నాయి. సర్వేల కన్నా అవే కరెక్టని మా ప్రొఫెసర్ అంటారు. నిజమేనా? — ఒక ఎంబీఏ విద్యార్థి, తిరుపతి

మీ ప్రొఫెసర్ గారిని 2003 జులై గురించి అడగండి. అమెరికా రక్షణ శాఖ మధ్యప్రాచ్యంలో ఏం జరుగుతుందో ముందే తెలుసుకుందామని అలాంటి మార్కెట్ ఒకటి పెట్టబోయింది. హత్యల మీద, దాడుల మీద పందెమా అని సెనేటర్లు లేచేసరికి వెంటనే మూసుకుంది. రేపు దాడి చేయబోయేవాడే ఇవాళ వెళ్లి దాని మీద పందెం కాస్తే ఏం చేస్తారు? ఆ ప్రశ్నకి నాకింతవరకూ మంచి జవాబు దొరకలేదు. ఇప్పటి పందేల వెబ్‌సైట్ పాలీమార్కెట్ కూడా 2022 జనవరిలో అక్కడి నియంత్రణ సంస్థకి 14 లక్షల డాలర్లు జరిమానా కట్టిందే. ఇక్కడ 'ఒపీనియన్ ట్రేడింగ్' అని పేరు మార్చుకుని వచ్చినవాళ్ల గురించి 2025 ఏప్రిల్‌లో షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ హెచ్చరించింది.

కరెక్టా అంటే, ఒక పందెం ధర నూటికి 70 దగ్గర ఉందంటే పదింట్లో మూడుసార్లు తప్పుతుందని ఆ మార్కెట్టే చెప్తోంది, జనం మాత్రం 70ని నూరుగా చదువుతారు. పైగా డబ్బున్నవాడు గాలి తనవైపు తిప్పుకోవడానికే పందెం కాస్తాడు. మన దగ్గర 2024 మేలో టీ కొట్ల దగ్గర చూడలేదా, కుప్పం మెజారిటీ మీద ఎకరాలు పెట్టినవాళ్లు, కార్యకర్తలు డీలా పడకూడదని రేటు పెంచినవాళ్లు. జూన్ 4న 175లో కూటమికి 164, వైసీపీకి 11. ఆ 11 మీద పందెం కాసిన మొనగాడు నాకింతవరకూ తగల్లేదు, అంతా అయిపోయాక నాకు ముందే తెలుసన్నవాళ్లు మాత్రం మా వీధిలోనే పదిమంది ఉన్నారు.

అదే ఎలక్షన్ పందెంలో నేను గెలిచాను. మిత్రుడు డబ్బివ్వకుండా రెండు లక్షలకి ప్రోనోటు రాసిచ్చాడు. కోర్టులో వేయొచ్చా? — పేరు వద్దు, చిత్తూరు

1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్, పందెం ఒప్పందం చెల్లదు, దాని మీద దావా నడవదు. ఐదొందలూ ఆపైన గుర్రప్పందెం బహుమతికి మాత్రం మినహాయింపు ఉంది, మీ మిత్రుడు గుర్రం కాదు కదా. దావా వేస్తే ఆయన పందెం సంగతి బయటపెడతాడు, మీరు వద్దన్న పేరు అప్పుడు రికార్డులోకి ఎక్కుతుంది. నోటు మీద అంటించిన రూపాయి రెవెన్యూ స్టాంపు ఎవరు కొన్నారు? మీరే అయితే నష్టం రెండు లక్షల ఒక రూపాయి.