5/2 రావట్లేదంటే ముందు ఎలక్ట్రాన్ల వేడి చూడండి

గాలియం ఆర్సెనైడ్ శాంపిల్‌లో ఫ్రాక్షనల్ క్వాంటమ్ హాల్ ఎఫెక్ట్ (బాగా చలిలో, గట్టి అయస్కాంత క్షేత్రంలో, కొన్ని భిన్నాల దగ్గర ఎలక్ట్రాన్లు ప్రత్యేక స్థితుల్లోకి వెళ్ళడం) కొలుస్తుంటే 4/3, 5/3 స్థితులు బాగానే వస్తున్నాయి, థర్మామీటర్ 20 మిల్లీకెల్విన్ చూపిస్తోంది, అయినా 5/2 దగ్గర రెసిస్టెన్స్‌లో చిన్న గుంట తప్ప ఏం లేదు అన్నారు కదండీ. ఆ 20 మిక్సింగ్ చాంబర్‌ది (ఫ్రిజ్‌లో అన్నిటికన్నా చల్లని భాగం), మీ ఎలక్ట్రాన్లది కాదు. అంత చలిలో లాటిస్‌తో (క్రిస్టల్‌లోని పరమాణువుల అమరికతో) వాటికి సంబంధం దాదాపు తెగిపోతుంది, అవి చల్లబడాల్సింది ఎక్కువగా వైర్ల ద్వారానే, అవే వైర్ల మీద గది నుంచి రేడియో నాయిస్ కూడా దిగుతుంటుంది.

ఒక పని చేయండి, ఫ్రిజ్‌ని 20 నుంచి 60 దాకా మెల్లగా వేడి చేస్తూ ఆ గుంట లోతు చూడండి, ఏం మారకపోతే ఎలక్ట్రాన్లు మొదట్నుంచీ అక్కడెక్కడో పైనే ఉన్నాయన్నట్టే. లాక్-ఇన్ (నాయిస్‌లోంచి చిన్న సిగ్నల్‌ని కొలిచే పరికరం) కొలత కోసం శాంపిల్‌లోకి పంపే కరెంట్ 100 నానోఆంప్స్ అన్నారు, అది చాలా ఎక్కువండీ, ఎలక్ట్రాన్లని వేడి చేస్తుంది, 5కి దించండి, తగ్గించేకొద్దీ గుంట లోతవుతోందంటే దొంగ దొరికినట్టే. తర్వాత ప్రతి వైరుకీ మిక్సింగ్ చాంబర్ దగ్గర ఆర్‌సీ ఫిల్టర్ (ఆ రేడియో నాయిస్‌ని ఆపే చిన్న సర్క్యూట్) పెట్టి, ఆ వైర్లని రాగికి గట్టిగా అంటించాలి, ఇది బద్ధకించొద్దు.

మీ ఎలక్ట్రాన్ డెన్సిటీ చదరపు సెంటీమీటరుకి 3×10¹¹ కాబట్టి 5/2 సుమారు 5 టెస్లా దగ్గర రావాలి, అక్కడ ఫీల్డ్ స్వీప్ (అయస్కాంత క్షేత్రాన్ని మార్చుకుంటూ పోవడం) బాగా నెమ్మదిగా చేయండి. 1987లో ఇది మొదట దొరికినప్పుడు కూడా మంచి మొబిలిటీ (ఎలక్ట్రాన్లు అడ్డు లేకుండా కదిలే గుణం) ఉన్న శాంపిల్ వల్లే దొరికింది, అందుకే చల్లబరిచేటప్పుడు ఎర్ర ఎల్‌ఈడీ కాసేపు వేసి చూడండి, చాలా శాంపిల్స్‌లో మొబిలిటీ పెరుగుతుంది, అప్పుడు డెన్సిటీ కూడా మారుతుంది కాబట్టి ఫీల్డ్ మళ్ళీ లెక్కేసుకోండి.